చదవడానికి మాత్రమే

త్రియెస్తెలో బోరా గాలి లేచిన రోజు
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు, మనుషులు ఎగిరిపోకుండా.
ఆ తాడొకటి పట్టుకుని, వదిలి, ఇంకొకటి పట్టుకుని
ఎనభై రెండేళ్ళ బోజిదార్ కొషుతా
మా గుహల సంఘం మెట్లెక్కాడు.
కోటు లోపల, కోడిపిల్లని దాచినట్టు, ఒక హార్డ్‌డిస్క్.

"తొంభై నాలుగు నాటిది, జోర్కా.
దీన్ని నడిపిన సిస్టం చచ్చిపోయింది.
అమ్మినవాళ్ళే దాని పేరెత్తరు ఇప్పుడు."

తగిలించాను.
చేటలో మినుములు చెరిగినట్టు చప్పుడు చేసింది,
ఆగింది, మళ్ళీ చెరిగింది.
నా లైనక్స్ మూడు విభాగాలు లెక్కపెట్టి
మూడోదాని గుమ్మంలో నిలబడిపోయింది:
ఈ భాష నాకు రాదు.

రాకేం. ఎవరూ నేర్పి పంపలేదంతే.
కెర్నెల్ మూలంలో ఒక అటక మీద
హెచ్‌పీఎఫ్‌ఎస్ అన్న మూట ఇంకా ఉంది.
ఎవరో, ఏ ఊళ్ళోనో,
పోయిన రాజ్యపు వ్యాకరణాన్ని
కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా దుమ్ము దులిపి
తిరిగి అక్కడే పెడుతున్నారు,
ఇలాంటి ముసలాయన ఒకడు వస్తాడని కాబోలు.
ఆ పేరు పక్కన గుర్తు పెట్టి
కెర్నెల్ని మొదట్నుంచీ కట్టాను.
రెండు గంటలు. ఆయన మూడు కాఫీలు తాగి
నాలుగోది చల్లార్చాడు.

తర్వాత ఒక ఖాళీ డైరెక్టరీ.
మౌంట్ అంటే ఇంతే బోజిదార్,
గుహకి నోరు చూపించడం.
లోపలున్నది బయటికి రాదు,
మనమే దిగాలి.
చివర 'ఆర్‌ఓ' అని రెండక్షరాలు తగిలించాను:
చదువు, రాయకు.
పదకొండేళ్ళ నన్ను మొదటిసారి తాడు కట్టి దింపుతూ
నువ్వు చెప్పిందే అది:
దీపం నీది, రాయి దానిది.

పేర్లు వచ్చాయి, కానీ మొహాలు మారి.
'ష' ఉండాల్సిన చోట గ్రీకు 'మ్యూ' కూర్చుంది,
మన స్లొవేన్ అక్షరాల కుర్చీల్లో ఎవరెవరో.
పాత పట్టిక ఒకటి పక్కన పెట్టుకుని
ఒక్కొక్కరినీ లేపి, అసలువాళ్ళని కూర్చోబెట్టాను.
ష్క్రాతోవ గుహ. కొలతలు. తొంభై అయిదు, ఫిబ్రవరి.

గోడ మీది పటంలో ఆ గుహ
ముప్పై ఎనిమిదో గుర్తు దగ్గర ఆగిపోతుంది.
చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను ఆ అడ్డగీత.
ఫైలు ఆగలేదు.
ముప్పై తొమ్మిది: ఆరు మీటర్ల ఇరవై.
నలభై: నాలుగూ డెబ్బై అయిదు, వంగి.
నలభై ఒకటి: పైకప్పు వేలాడుతోంది. గాలి వస్తోంది. దారి ఉంది.

నేల మీద సరిహద్దు ఎక్కడుందో లెక్కేశాను.
నలభై అవతలి దేశం.
అక్కడ పైన అప్పట్లో ఒక పోలీసు నిలబడేవాడు,
తన బూట్ల కింద నా ఊరివాడు
మోకాళ్ళ మీద పాకుతున్నాడని తెలియకుండా.

"చెప్తే కుర్రాళ్ళు ఆగరు" అన్నాడు బోజిదార్.
"ఆ కప్పు కింద ఎవడో ఒకడు ఉండిపోయేవాడు."
తర్వాత, కాఫీ కప్పు వైపు చూస్తూ,
"ఆ మూడు వరసలూ చెరిపెయ్."

"కుదరదు. చదవడానికే తెరిచాను."

ఒక్క మాటతో కుదురుతుంది, రీమౌంట్ అని.
ఆ మాట నాకు తెలుసు.
వేళ్ళు దాని మీదే ఉన్నాయి, నొక్కలేదు.
ఆయన నన్ను చూశాడు,
తాడు ముడి సరిగ్గా పడిందో లేదో చూసే చూపు.
కిటికీ రెక్క కొట్టుకుంటోంది.

"గాలి ఎటునుంచో రాశానా?"
మళ్ళీ చదివాను. లేదు.
"తూర్పునుంచి. చల్లగా. నీళ్ళ వాసన.
రాసుకో."

డిస్క్‌లో రాయడానికి చోటు లేదు, నేనే మూసేశాను.
కాఫీ బిల్లు తిప్పి
వెనక తెల్లగా ఉన్న వైపు
రాసుకున్నాను.